మూడు రోజుల పళ్ళ ప్రకటనల్లో ఇంప్లాంట్ రకం కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

కడప, కర్నూలు, అనంతపురం ఊళ్ళలో ఫ్లెక్సీల మీదా, పేపరుతో పాటు ఇళ్ళకు వచ్చే కరపత్రాల మీదా ఈ మధ్య ఒకే మాట కనిపిస్తోంది: మూడు రోజుల్లో కదలని పళ్ళు. మీ జిల్లా పేజీల్లోనూ ఇలాంటి ప్రకటనలు వస్తున్నాయి. ఏ రకం ఇంప్లాంట్ (పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) వేస్తారు, అది ఎముకలో ఎక్కడ ఆగుతుంది, రేపు పాడైతే ఏం చేస్తారు అన్న ముక్క ఒక్కటీ వాటిలో ఉండదు. ఇంప్లాంట్లన్నీ ఒకటే, తేడా అంతా రేటులోనే అని జనం అనుకుంటున్నారు. ఎముకను పట్టుకునే తీరు రకాన్ని బట్టి మారుతుంది. ప్రమాదాలు మారతాయి. పాడైనప్పుడు సరిచేసుకునే వీలు మరీ మారుతుంది. ఈ చివరి సంగతి అడగకుండా ఎవరూ ఆ కుర్చీలో కూర్చోకూడదని మా అభిప్రాయం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఎక్కువగా వాడే రకంలో మూడు భాగాలుంటాయి. ఎముకలోకి దిగే టైటానియం మర ఒకటి, దాని మీద చిన్న స్క్రూతో బిగించి, క్యాప్‌ను మోసే అబట్‌మెంట్ రెండోది, పైన పన్ను ఆకారంలో క్యాప్ మూడోది. మర సాధారణంగా 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల లావు, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. టైటానియాన్ని ఎముక బయటికి నెట్టకుండా, నేరుగా దాన్ని అంటుకుని పెరుగుతుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ ఎముకల మీద పనిచేస్తూ గమనించారు. 1965లో మొదటిసారి మనిషి దవడలో వేశారు. ఇప్పటి మరలకు ఒళ్ళు నున్నగా ఉండదు. రేణువులతో కొట్టి, ఆమ్లంలో ముంచి గరుకు చేస్తారు. ఎముక ఆ గరుకులోకి అల్లుకుంటుంది.

ఈ అల్లికకు టైము పడుతుంది. మూడు రోజుల ప్రకటన గురించి జనానికి ముందుగా తెలియాల్సింది ఇదే. మర వేసిన రోజు అది గట్టిగానే ఉంటుంది. గోడలోకి దిగిన మేకు ఎలా పట్టుకుని ఉంటుందో అలా, కేవలం బిగుతుతో నిలబడుతుంది. ఆ తర్వాత మర చుట్టూ నలిగిన ఎముకను శరీరం కొద్దికొద్దిగా తీసేస్తూ కొత్త ఎముక పోసుకుంటుంది. పాత బిగుతు తగ్గి, కొత్త ఎముక ఇంకా గట్టిపడని సందు ఒకటి వస్తుంది. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా మర బలం అన్నిటికన్నా తక్కువగా ఉండేది అందుకే. మూడో రోజున ఏమీ కదల్లేదు కదా అని మూడో వారంలో వేయించిన శెనక్కాయలు కొరికితే, బయటికి ఏమీ తెలియకుండానే మర సన్నగా కదలడం మొదలవుతుంది. అలా కదిలితే దాని చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పొర కడుతుంది. ఒకసారి ఆ పొర కట్టాక ఆ మర ఇక నిలవదు, తీయాల్సిందే. అందుకే మామూలు పద్ధతిలో కింది దవడకు రెండు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకు మూడు నుంచి ఆరు నెలలు ఆగి, తర్వాతే క్యాప్ వేస్తారు.

మన ప్రాంతంలో తొందర ఎందుకో మాకూ తెలుసు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళిన వాళ్ళు నెలో రెండు నెలలో సెలవు మీద వస్తారు. ఆ సెలవులోనే పళ్ళ పని అయిపోవాలి. అలాంటి వారికి మంచి దారి ఒకటుంది. ఈ సెలవులో మర వేయించుకుని, చిగురు కింద మూసి, పైన తీసి పెట్టుకునే తాత్కాలిక పన్నుతో వెళ్ళాలి. క్యాప్ వచ్చే సెలవులో వేయించుకోవాలి. ఏడాది ఆగినా మరకు నష్టం లేదు. అయితే మర వేసిన పదో రోజే విమానం ఎక్కకుండా, కుట్లు తీసి, చిగురు మానిందని చూపించుకున్నాకే బయలుదేరాలి.

వెంటనే పళ్ళు పెట్టడం తప్పేమీ కాదు, అన్ని పళ్ళూ పోయిన దవడకు మరా అబట్‌మెంటూ విడివిడిగా ఉండే మామూలు రెండు ముక్కల మరలతోనూ అది చేస్తారు. ఆల్ ఆన్ ఫోర్ అనేది అలాంటిదే. ముందు రెండు మరలు నిటారుగా, వెనక రెండు 30 నుంచి 45 డిగ్రీలు వాల్చి వేసి, నాలుగింటినీ కలిపి ఒకే బ్రిడ్జి, అంటే ఒకదానికొకటి అతికి ఉన్న పళ్ళ వరస, బిగిస్తారు. వెనక మరలను వాల్చేది పై దవడలో సైనస్ అనే గాలి గదికి, కింద నరానికి తగలకుండా ఉండడానికి. దీనికి షరతులున్నాయి. మర బిగించేటప్పుడు, తిప్పే బలాన్ని కొలిచే టార్క్ రెంచి మీద 35 న్యూటన్ సెంటీమీటర్ల దాకా రావాలి. అంతకన్నా బాగా తక్కువ వస్తే ఆ రోజు పళ్ళు పెట్టకుండా ఆగాలి. మొదటి బ్రిడ్జి తాత్కాలికమే. ప్లాస్టిక్ లాంటి అక్రిలిక్‌తో చేసి, మూడు నాలుగు నెలల తర్వాత అసలుది వేస్తారు. ఆ నెలల్లో మెత్తగా ఉడికిన అన్నం, రాగి సంగటి, పప్పు పరవాలేదు. జొన్న రొట్టె పాలల్లోనో పులుసులోనో నానితేనే. బొమికలు, చెరకు, శెనక్కాయలు వద్దే వద్దు.

ఇక ప్రకటనల్లో మూడు రోజులు, 72 గంటలు అన్నచోట చాలావరకు వేసేది బేసల్ రకం. కార్టికల్ అనీ, బైకార్టికల్ అనీ కూడా అంటారు. దవడ ఎముకలో పళ్ళుండే పై భాగం లోపల జల్లెడలా ఉంటుంది, పళ్ళు పోయాక ఏళ్ళ తరబడి కరిగిపోయేది ఆ భాగమే. అడుగునా పక్కలా ఉండే పెంకులాంటి గట్టి ఎముక అంత త్వరగా కరగదు. బేసల్ మర సన్నటి కాడతో లోపలికి పొడవుగా వెళ్ళి ఆ పెంకును పట్టుకుంటుంది. పై దవడలో ముక్కు అడుగు ఎముకనో, బాగా వెనకనున్న పుర్రె అడుగు ఎముకనో పట్టుకోవచ్చు. మరా అబట్‌మెంటూ ఒకే ముక్క. ఒళ్ళు ఎక్కువగా నున్నగానే ఉంటుంది. ఒక్కో దవడకు 8, 10 దాకా వేసి, మెడలు ఒకే దిక్కుకు వచ్చేలా నోట్లోనే వంచి, అన్నిటినీ కలిపి మూడో రోజుకల్లా బ్రిడ్జిని సిమెంటుతో అతికిస్తారు.

ఎముక బాగా కరిగిపోయి, ఎముక పొడి పెట్టించుకునే ఆపరేషన్లు తట్టుకోలేని పెద్ద వయసు వారికి ఈ పద్ధతితో మేలు జరగొచ్చు. ఆ మాట ఒప్పుకోవాలి. మా అభ్యంతరం అందరికీ ఇదే వేయడం మీద. ఒక ముక్క మర కాబట్టి పైభాగం విరిగినా, వంగినా, కోణం సరిగా కుదరకపోయినా ఆ భాగం ఒక్కటే మార్చడం కుదరదు. అన్నీ ఒకే బ్రిడ్జితో కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి వదులైతే ఆ సంగతి రోగికి తెలియదు. దాని భారం పక్కవాటి మీద పడుతుంది, అవీ వదులవుతాయి. విడిగా చూద్దామంటే బ్రిడ్జిని కోసి తీయాలి. సిమెంటు చిగురు కిందికి జారితే అక్కడ చీము మొదలవుతుంది. రెండు ముక్కల మరలతో పోలిస్తే, అమ్మే వాళ్ళతో సంబంధం లేని దీర్ఘకాల పరిశీలనలు వీటి మీద తక్కువ. ఇంకో బాధాకరమైన విషయం: బ్రిడ్జి పూర్తిగా కూర్చోవడానికని గట్టిగా ఉన్న ఆరేడు పళ్ళు కూడా పీకేస్తున్నారు. పీకిన పన్నును తిరిగి తెచ్చే ఇంప్లాంట్ లేదు. గట్టిగా ఉన్న పన్ను తీయాలన్నారంటే, ఎందుకో ఎక్స్‌రే మీద చూపించమనండి, ఇంకో దంతవైద్యుడికీ చూపించండి. కడప రిమ్స్ ఆవరణలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

చెంప ఎముకలోకి దిగే జైగోమాటిక్ మరలు పై దవడలో వెనక ఎముకే లేని వారికి. పొడవు 30 నుంచి 50 మిల్లీమీటర్ల పైదాకా. సైనస్‌లో చీము పట్టడం, కంటి గూటికి దెబ్బ తగలడం వీటితో ఉండే ప్రమాదాలు. దవడ, ముఖ శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న వైద్యుడు ఆసుపత్రిలో చేయాల్సిన పని ఇది.

పింగాణీ లాంటి జిర్కోనియాతో చేసిన మరలు తెల్లగా ఉంటాయి. చిగురు పలచగా ఉన్న ముందు పళ్ళ దగ్గర నల్లటి నీడ కనిపించదు. టైటానియం పడని వారు చాలా అరుదు కాబట్టి అలర్జీ భయంతో వీటికి పోనక్కర్లేదు. చాలావరకు ఒకే ముక్కగా వస్తాయి, సన్నటి రకాలు విరిగే అవకాశం ఉంటుంది. టైటానియం ఉంటే ఎంఆర్ఐ తీయరన్న అపోహ కూడా మన దగ్గర బాగా ఉంది. టైటానియం మరకు అయస్కాంతంతో ఇబ్బంది లేదు. అయస్కాంతంతో అతుక్కునే సెట్టు పళ్ళుంటే మాత్రం స్కానింగ్ వాళ్ళకు ముందే చెప్పాలి.

ఊళ్ళల్లో పెద్దవాళ్ళకు మేము ముందుగా చెప్పదలిచింది వేరే ఉంది. కింది దవడ సెట్టు పళ్ళు నిలవక, మాట్లాడితే లేచొచ్చి, జేబులో పెట్టుకుని తిరిగే ముసలివాళ్ళు ఎంతమందో. వాళ్ళకు పది మరలు అక్కర్లేదు. ముందు భాగంలో రెండు మామూలు మరలు వేసి, వాటికి ప్రెస్ బటన్‌లా అతుక్కునే సెట్టు చేస్తే చాలు. కింది దవడలో పళ్ళే లేని వారికి కనీసం ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు తేల్చారు. ఎముక సన్నగా ఉంటే 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ లావుండే మినీ మరలు నాలుగు వేయొచ్చు. కానీ మినీ మరలు దవడ పళ్ళ దగ్గర ఒంటి క్యాప్ మోయడానికి పనికిరావు, విరుగుతాయి. సెట్టు లోపలి నైలాన్ రింగులు అరిగి, ఏడాదికో రెండేళ్ళకో మార్చాల్సి వస్తుంది. అది లోపం కాదు, స్కూటరుకు బ్రేకు షూ మార్చడం లాంటిదే. రాత్రి తీసి కడుక్కోవచ్చు, చిగురును మనమే చూసుకోవచ్చు.

పని జరిగేటప్పుడు ఏం చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది వేడి. ఎముక 47 డిగ్రీలకు చేరి ఒక నిమిషం అలా ఉంటే ఆ చోట చచ్చిపోతుంది. అందుకే డ్రిల్లు మీద చల్లటి సెలైన్ ధార ఆగకుండా పడాలి, డ్రిల్లును పైకీ కిందికీ తీస్తూ పోవాలి, మొద్దుబారిన డ్రిల్లు పారేయాలి. కింది దవడ ముందు భాగం చాలా గట్టిది, వేడెక్కేది అక్కడే ఎక్కువ. వేసిన వారానికి నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే ఇదొక కారణం.

రెండోది నరం. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం దవడ పళ్ళ కింద గొట్టంలో పోతుంది. మర కొసకూ ఆ గొట్టానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి. చాలా డ్రిల్లుల కొస గీతలో చూపే పొడవు కన్నా ఒక మిల్లీమీటరు దాకా ఎక్కువ ఉంటుంది, లెక్క తప్పేది ఇక్కడే. మామూలు ఎక్స్‌రేలో బొమ్మ పెద్దదిగా కనిపిస్తుంది, వెడల్పు అసలు తెలియదు. కాబట్టి దవడ పళ్ళ చోట మర వేసే ముందు సీబీసీటీ స్కాన్ (దవడను అన్ని కోణాల్లో చూపే ఎక్స్‌రే స్కాన్) తీయించమని అడగండి. మత్తు మామూలుగా నాలుగైదు గంటల్లో దిగిపోతుంది. మరునాటి పొద్దున కూడా పెదవి మొద్దుగా, చీమలు పాకినట్టు ఉంటే అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. మర నరాన్ని నొక్కుతుంటే మొదటి ఒకటి రెండు రోజుల్లో వెనక్కి తిప్పడమో తీసేయడమో చేస్తే స్పర్శ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. నెల చూద్దాం అనేవారి మాట వినొద్దు.

మూడోది నెత్తురు. కింది దవడ లోపలి పక్క పెంకును డ్రిల్లు దాటితే నాలుక కింద రక్తనాళం తెగొచ్చు. ఇంటికి వెళ్ళాక నాలుక కింద ఉబ్బి, నాలుక పైకి లేస్తున్నట్టుగా, మింగడానికి, ఊపిరికి ఇబ్బందిగా ఉంటే అది ప్రాణాపాయం. దంతవైద్యుడికి ఫోన్ చేస్తూ కూర్చోక 108 పిలిచి పెద్దాసుపత్రికి పోవాలి.

వేసిన చాలా ఏళ్ళకు వచ్చే జబ్బు వేరు. అసలు పన్ను చుట్టూ నారల్లాంటి పోగులు చిగురునూ ఎముకనూ పన్నుకు కుట్టేసినట్టు పట్టుకుంటాయి. మర చుట్టూ చిగురు కేవలం ఆనుకుని ఉంటుంది. పాచి చేరితే సూక్ష్మజీవులు నేరుగా లోతుకు దిగుతాయి. ముందు బ్రష్ చేస్తే నెత్తురు వస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే పూర్తిగా తగ్గుతుంది. పట్టించుకోకపోతే చీము, ఎముక కరగడం. నొప్పి ఉండకపోవడమే దీని మోసం. మర కదిలే నాటికి ఎముక చాలావరకు పోయి ఉంటుంది. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోగొట్టుకున్న వారికి, పొగ తాగేవారికి, షుగర్ అదుపులో లేని వారికి ఇది ఎక్కువ. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7 దరిదాపుల్లో ఉంటే మంచిది, 8 దాటితే ముందు షుగర్ సంగతి చూసుకోవాలి. బీడీ, సిగరెట్ కనీసం వారం ముందు మాని, వేసిన తర్వాత రెండు నెలలు ముట్టకూడదు. ఆ తర్వాత మొదలుపెట్టమని కాదు. గుట్కా, ఖైనీ చెంపలో అదిమి పెట్టేవారు ఆ అలవాటు మానకుండా ఇంప్లాంట్ మీద డబ్బు పెట్టొద్దు. వేప పుల్ల పైపైన తోముతుంది, మర మెడ దగ్గరికి పోదు. సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ రోజుకోసారి తిప్పాలి. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, ఏడాదికోసారి ఎక్స్‌రే.

ఎముకలు గుల్లబారాయని అలెండ్రోనేట్ మాత్రలు, ఏడాదికోసారి జోలెడ్రోనిక్ సూది, డెనోసుమాబ్ వాడుతున్న వారు తప్పకుండా ఆ సంగతి చెప్పాలి. దవడ ఎముక మానకుండా బయటపడిపోయే ప్రమాదం ఉంది. క్యాన్సర్‌కు ఇదే మందులు పెద్ద మోతాదులో వాడుతున్న వారికైతే ఇంప్లాంట్ ఆలోచనే వద్దు. దవడకు రేడియేషన్ పెట్టించుకున్న వారు కూడా ముందే చెప్పాలి. గుండెకు వాడే నెత్తురు పలచబరిచే మాత్రలను ఎవరి మాటా విని సొంతంగా ఆపొద్దు, అవి రాసిన డాక్టరే చెప్పాలి. దవడ పెరుగుదల ఆగని పిల్లలకు, అంటే దాదాపు 18 ఏళ్ళ లోపు, మర వేయకూడదు. పక్క పళ్ళు కిందికి వస్తాయి, మర అక్కడే ఉండిపోతుంది.

మా ప్రాంతానికి సంబంధించి ఒకటి ప్రత్యేకంగా రాయాలి. అనంతపురం, కడప జిల్లాల్లో చాలా బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదనీ, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా సరేననీ భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్ళు చిన్నప్పుడు తాగితే పళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ మచ్చ పైపొరలో ఉంటుంది, దాని వల్ల వేరు వదులు కాదు. ఆ పళ్ళు పీకి ఇంప్లాంట్లు వేయాలని చెబితే నమ్మకండి. పైపొర కొద్దిగా అరగదీయడం, పలచటి పెంకు అతికించడం, మరీ గుల్లబారితే క్యాప్, ఇవి చాలు. పెళ్ళి సంబంధం చూసే ముందు ఈ తొందరలో ముందు పళ్ళు పీకించుకునే ఆడపిల్లల తల్లిదండ్రులు దయచేసి ఇది గుర్తుపెట్టుకోవాలి.

క్యాప్ కదిలితే ఇంప్లాంటే పోయిందని కంగారు పడొద్దు. చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులై ఉంటుంది. దాన్ని కంపెనీ చెప్పిన టార్క్‌తో, ఎక్కువగా 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లతో, రెంచితో బిగించాలి. చేతి అందాజుకు బిగిస్తే మళ్ళీ వదులవుతుంది. కదులుతున్నా నెలల తరబడి నమిలితే స్క్రూ లోపలే విరిగి, బయటికి తీయడం పెద్ద పని అవుతుంది. స్క్రూ తల, రెంచి మొన ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. కర్నూల్లో వేయించుకుని బెంగళూరులో స్క్రూ వదులైతే, అక్కడి వైద్యుడికి ఏ కంపెనీదో తెలియకపోతే క్యాప్ పగలగొట్టాల్సి రావొచ్చు. ప్రతి మర డబ్బాలో ఊడదీసి అంటించుకునే స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ, రకం, లావు, పొడవు, లాట్ నంబరు దాని మీదుంటాయి. ఆ స్టిక్కర్, వేసిన తేదీ, ఏ పన్ను చోటో, క్యాప్ స్క్రూతో బిగించారా సిమెంటుతో అతికించారా, ఇవి ఒక కార్డు మీద తీసుకుని ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి. బిల్లులో స్కాన్, మర, అబట్‌మెంట్, క్యాప్, ఎముక పొడి విడివిడిగా రాయమనండి. జీవితకాలం గ్యారంటీ అన్నచోట ఆ గ్యారంటీ మరకా, క్యాప్‌కా, తీసి మళ్ళీ వేసే పనికా అని కాగితం మీద రాయించుకోండి.

ఇంప్లాంట్ లేకుండా కూడా పోయిన పన్ను చోటు నింపొచ్చని చెప్పకపోతే ఈ ఉత్తరం న్యాయంగా ఉండదు. రెండు పక్కల పళ్ళకూ ఇప్పటికే రూట్ కెనాల్ అయి క్యాపులు కావాలంటే బ్రిడ్జి మేలు. పక్క పళ్ళు మచ్చ లేకుండా ఉంటే వాటిని అరగదీయకుండా ఇంప్లాంట్ మేలు. కింద చివరి పన్ను ఒక్కటి పోయి, దానికి ఎదురు పైపన్ను లేకపోతే ఏమీ పెట్టకపోయినా పరవాలేదు.

సంపాదకులకు మా మనవి ఒక్కటే. ఇంప్లాంట్ ప్రకటన తీసుకునేటప్పుడు మూడు వివరాలు అచ్చు వేయమని షరతు పెట్టండి: వేసేది ఒక ముక్క రకమా రెండు ముక్కల రకమా, మర కంపెనీ పేరు, వేసే దంతవైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు. ప్రకటనలో రెండు వరుసలు పెరుగుతాయి. ఫ్లెక్సీలో వీటికి చోటు లేకపోయినా మీ పేజీలో ఉంటుంది.

ఇట్లు,
కొందరు దంతవైద్యులు,
కడప